కొంగ్రీ గిన్నెలో మాడుచెక్క

పల్మా సోరియానో, నవంబరు

ప్రియమైన దమారిస్ తల్లీ,

కమగ్వేలో అందరూ కులాసాయేనా? ఆగస్టులో నీ దగ్గరికొచ్చిన మీ అమ్మ ఇంతవరకూ తిరిగి రాలేదు. ఎప్పుడొస్తుందో అడుగు. బతిమాలడం లేదు, అడుగుతున్నానంతే. ఏడాది చివరి రాత్రి ఈ ఇంట్లో కొంగ్రీ అన్నం వండకపోతే వీధిలో తలెత్తుకోలేను. అందుకే నేనే మొదలుపెట్టా. నవ్వకు.

ఎర్ర చిక్కుడు గింజలు ఉడికించి, ఆ మురికి నీళ్లు పారబోసి, మంచినీళ్లలో బియ్యం వండి కలిపా. ఆసుపత్రి తిండిలా చప్పగా వచ్చింది. పక్కింటి ఒబ్దూలియో కుక్క కూడా వాసన చూసి వెళ్లిపోయింది. ఎక్కడ తప్పానో రాయి.

ముద్దులతో,
మీ నాన్న ఎవేలియో

*

కమగ్వే

ప్రియమైన నాన్నా,

ఆ నీళ్లు పారబోశావా! ఓరి దేవుడా! రంగూ రుచీ వాటిలోనే కదా ఉండేది, బియ్యం ఉడకాల్సింది వాటిలోనే కదా! ముప్పై ఏళ్లు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని "ఇది పలుకు, ఇది ముద్ద" అని తీర్పులు చెప్పిన పెద్దమనిషివి, ఒక్కసారైనా గిన్నెలోకి తొంగి చూడలేదా?

గింజలు రాత్రే నానబెట్టు. పంది కొవ్వు ముక్కలు వేయించి, ఆ కొవ్వులోనే ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర వెయ్యి. గింజల నీళ్లు బియ్యం పైకి ఒక వేలి కణుపు ఎత్తు ఉండాలి. మూత పెట్టాక తెరవకు. తెరుస్తావు, నాకు తెలుసు. బస్సు కాస్త ఆలస్యమైతే బస్సుని తిట్టే మనిషివి, నీకు ఓపికా!

అమ్మ హాయిగా ఉంది. ఎవరూ పళ్లెం నెట్టెయ్యని ఇంట్లో ఎవరైనా హాయిగానే ఉంటారు.

నీ కూతురు,
దమారిస్

*

పల్మా సోరియానో

ప్రియమైన దమారిస్,

నీకు నోరు బాగా లేచింది. మూత తీసిన మాట నిజమే. అంతా జావైపోయింది. ఒబ్దూలియో చూసి "గోడకి పూసుకో, పగుళ్లు మూసుకుంటాయి" అని నవ్వాడు. వాడి మొహం! మళ్లీ చెప్పు, ఈసారి తిట్లు తగ్గించి. అమ్మని కూడా రెండు ముక్కలు రాయమను.

మీ నాన్న

*

కమగ్వే

ప్రియమైన నాన్నా,

అమ్మకి తీరిక లేదు. మూత మీద ఇస్త్రీ పెట్టె పెట్టు, చెయ్యి దానివైపు పోదు. మంట బాగా తగ్గించు. అడుగున చిటపటలు ఆగాక దించు, అప్పుడే మాడుచెక్క సరిగ్గా వస్తుంది.

అమ్మ ఇల్లు వదిలే ముందు రాత్రి గుర్తుందా? ఇంటినిండా చుట్టాలు. అమ్మ పొద్దుటినుంచి ఒళ్లు కాలే జ్వరంతో నిలబడి వండింది. నువ్వు ఒక్క ముద్ద తిని పళ్లెం నెట్టేసి "దీన్ని పందులకి పెట్టు" అన్నావు. అందరూ నవ్వారు. ఇప్పుడు నీ జావ నువ్వే తాగు.

దమారిస్

*

పల్మా సోరియానో, డిసెంబరు

ప్రియమైన నెరెయిదా,

దమారిస్‌కి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. అడుగున చిటపటల సంగతి దానికేం తెలుసు? జ్వరం సంగతి అసలే తెలీదు, నువ్వు నాక్కూడా చెప్పలేదు. చేతిరాత దానిది, నోరు నీది. మొదటి ఉత్తరంలోనే పోల్చుకున్నా. కనిపెట్టానంటే మానేస్తావని ఊరుకున్నా. నీ తిట్లు కూడా లేకపోతే ఈ ఇంట్లో మాటే ఉండదు.

నీకు జ్వరమని తెలిస్తే అలా అనేవాణ్ణి కాదని రాసి కొట్టేశా. అనేవాణ్ణేమో. అంత వెధవనే.

ఆదివారం కొంగ్రీ కుదిరింది. పలుకు పలుకూ విడిగా వచ్చింది. ఇన్నేళ్లూ మాడుచెక్క అంతా నేనే గీకి తినేవాణ్ణి, నీకు ముక్క మిగిల్చింది లేదు. ఈసారి ముట్టుకోలేదు. కాగితంలో చుట్టి ఈ ఉత్తరంతో పాటు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నా. తిరిగొచ్చెయ్యి.

నీ ఎవేలియో

*

కమగ్వే

ఎవేలియో,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రావడంలేదు, సర్దుకో.

మాడుచెక్క అందింది. ఉప్పు తక్కువ. వెల్లుల్లి మాడ్చావు. దమారిస్ ఒక ముక్క అడిగింది, ఇవ్వలేదు.

నేను అక్కడికి రాను. ఏడాది చివరి రాత్రికి నువ్వే ఇక్కడికి రా. మన గిన్నె తెచ్చుకో, ఇక్కడివన్నీ పల్చన. దమారిస్ అత్తగారి వైపు వాళ్లంతా వస్తున్నారు, నోళ్లు పెద్దవి. పొయ్యి దగ్గర నువ్వు నిలబడతావు. గుమ్మంలో కుర్చీ వేసుకుని నేను కూర్చుంటా. నచ్చకపోతే అందరి ముందూ పళ్లెం నెట్టేస్తా. నచ్చినా నెట్టేస్తానేమో, ఇప్పుడే చెప్పలేను.

బయల్దేరే ముందు గింజలు నానబెట్టుకో.

నెరెయిదా