మా రూమ్‌ల ఎవ్వరికీ ఏ రోగం లేదు

హైదరాబాద్, మే 2008

ఇస్తారి మామకు దండాలు.

మామా, ఎండలో పనిచేసేవాళ్లలో ఎవరి కిడ్నీలు చెడిపోతాయో కంప్యూటర్‌తో ముందే కనిపెట్టే పరిశోధనకు, డాక్టరేట్ చేసేవాళ్లకు స్కాలర్‌షిప్ ఇస్తున్నారట. అది రాకుంటే నా చదువు ఇక్కడికి సరి. నాన్న బడిలో టీచర్‌గా చేరమంటున్నాడు. ఇంటర్వ్యూలో కొంత సమాచారం చూపించాలి. ప్రశ్నల కాగితాలు పంపుతున్నా, నీతో ఎండలో పనిచేసే మీ రూమ్ వాళ్ల జబ్బులన్నీ రాయించు.

నీ మేనకోడలు సంధ్య

తా.క.: సిగ్గుపడొద్దని చెప్పు. మూత్రం రంగు కూడా రాయాలి.

రూవి (మస్కట్), జూన్

బిడ్డ సంధ్యకు మేనమామ దీవెనలు.

కాగితాలు నింపిచ్చిన. ఎవ్వరికీ ఏ రోగం లేదు. తెల్లందాక దగ్గి మమ్ముల పండనియ్యని లచ్చన్న గూడ దగ్గంటే ఏందని అడిగిండు. రోగమని తెలిస్తే కంపెనీ అన్‌ఫిట్ కొట్టి ఇంటికి తోలుతది. అందరికీ అదే బుగులు.

నీ మామ ఇస్తారి

తా.క.: మూత్రం రంగు కాడ నా పక్క మంచం నర్సింగ్ "కంపెనీ ఎట్ల చెప్తే అట్ల" అని రాసిండు.

హైదరాబాద్, జూన్

మామా, కొంప ముంచావు!

కాగితాలు చూసి మా సార్ "వీళ్లు మనుషులా, బట్టల కొట్టులో బొమ్మలా?" అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇవి కంపెనీకి పోవని ఒట్టేసి చెప్పు. కొత్తవి పంపుతున్నా, పేర్లు వద్దు. వాళ్ల తండ్రులు ఏ జబ్బుతో పోయారో రాసినా చాలు. ఇంటర్వ్యూ వచ్చే నెలే.

దిక్కుతోచని సంధ్య

తా.క.: నీ కాగితం ఒక్కటే నమ్ముతున్నా. నీకు జ్వరమన్నా వచ్చినట్టు ఎరుగమని అమ్మ చెప్తుంది.

రూవి, జూలై

బిడ్డా, మంచిగున్నవా?

పేరు వద్దంటే ఇంకా బెదిరిన్రు. పేరులేని రోగం ఎవని నెత్తిన పడ్తదో అని. ఈసారి ఇంకింత ఆరోగ్యం రాసిన్రు. తండ్రులు గూడ ఏ రోగం లేకుండ, మంచి ఆరోగ్యంతోనే సచ్చిపోయిన్రట. మా క్యాంపు బాస్ నిసార్ అహ్మద్ రూమ్ తనిఖీకి వచ్చి అవి చూసి మస్తు ఖుషీ అయిండు. గింత గట్టిగున్నోళ్లకు సెలవు దేనికని సిక్ లీవులు బంద్ పెట్టిండు. రూమ్‌ల నాతోని ఎవ్వరూ మాట్లాడ్తలేరు.

నీ మామ

తా.క.: లచ్చన్న ఇప్పుడు బాత్‌రూమ్‌ల నల్లా ఇప్పి, నీళ్ల సప్పుడుల దగ్గుతుండు.

హైదరాబాద్, ఆగస్టు

మామా,

స్కాలర్‌షిప్ రాలేదు. ఇంటర్వ్యూలో "అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు కదమ్మా, ఇంక పరిశోధన దేనికి?" అన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సోమవారం నుంచి బడికి పోతున్నా. నీ మీద కోపం లేదు.

సంధ్య

తా.క.: ఉంది.

రూవి, సెప్టెంబర్

బిడ్డా,

కాగితం ఒకటి మిగిలితే నింపి పంపుతున్న. ఇది నాది. రెండెండకాలాల సంది కాళ్లు ఉబ్బుతున్నయి. మూత్రం పాలు లేని సులేమాని చాయ్ రంగు. మొదలు "ఏ రోగం లేదు" అని రాసింది నేనే, కడమోళ్లు నాది చూసి రాసిన్రు. మొన్న సైట్ మీద పడిపోయిన. దవాఖానల రెండు కిడ్నీలూ పాడైనయన్నరు. అన్‌ఫిట్ కొట్టి టికెట్ చేతిల పెట్టిన్రు. నీ కంప్యూటర్‌కు దొరకకుండ నేనే దాసిన బిడ్డా. ఈ ఒక్క కాగితం పట్టుకొని మళ్లొకసారి పో.

నీ మామ ఇస్తారి

తా.క.: మీ అమ్మకు మాత్రం నాకు ఏ రోగం లేదని చెప్పు.