మేజర్ మెడలో గంట

జులై 8, సోమవారం. సెడూనా

చలి. ఇక్కడ జులై అంటే నడి చలికాలం. ఇన్నాళ్ళూ ఈ మోటర్‌హోమ్ వాన్‌ని మా ఆయన క్లెమ్ నడిపాడు, ఈసారి నేను నడుపుతున్నాను. ఆయన కళ్ళలో సరిగ్గా మధ్యన మసక మచ్చ పెరుగుతోంది. వచ్చే చలికాలానికి ఎదుటి మనిషి మొహం కూడా ఆనకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. అయితే తిమింగలాల్ని ఈ చలికాలమే చూసేద్దాం పద డోరీన్ అన్నాడు. పిల్లిని పక్కింట్లో వదిలి వెళ్దామన్నాను. వాడు రాకపోతే నేనూ రాను, నువ్వెళ్ళి ఫొటోలు తీసుకురా, ఎలాగూ నాకు కనబడవుగా అన్నాడు. ఈ మనిషితో వాదించి నెగ్గినవాళ్ళు లేరు.

కాబట్టి ముగ్గురం బయల్దేరాం. మేజర్ మా బూడిదరంగు పిల్లి. బండి కదిలితే వాడు బుట్టలో ఉండాల్సిందే, బుట్టకు సీటు బెల్టు ఉండాల్సిందే. బ్రేకు కిందికి పిల్లి దూరితే ముగ్గురం కలిసే పైకి పోతాం. స్టార్ట్ చేసే ముందు క్లెమ్ బుట్టలో చెయ్యి పెట్టి చూసి, ఉన్నాడు అంటాడు. అప్పుడే నేను తాళం తిప్పుతాను. ఇప్పుడు బండికి సంబంధించి ఆయనకు మిగిలిన పని అదొక్కటే. చాలా గంభీరంగా చేస్తాడు.

జులై 9

సాయంత్రం మళ్ళీ ఆ ఆటే. క్లెమ్ కళ్ళు మూసుకుంటాడు. మేజర్ వాన్‌లో తిరుగుతాడు. మెడలో గంట మోగుతుంది. క్లెమ్ వేలు చూపిస్తాడు. ఇవాళ సింకు మీద ఉన్నాడన్నాడు. మేజర్ నా ఒళ్ళో ఉన్నాడు. నవ్వాను. నా కళ్ళకి చీకటి పూర్తిగా కమ్మే లోపల ఇల్లంతా వీడి గంట పట్టుకుని నేర్చుకుంటాలే, అప్పుడు నవ్వుదువుగాని అన్నాడు. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు.

జులై 10

తిమింగలాలు కనిపించాయి. ఆయనకీ కనిపించాయి. ఇవాళ్టికి ఇంకేం రాయను.

జులై 11, గురువారం. కొండ అంచు, సరిహద్దుకు గంట దూరం

రాయాలనిపించడం లేదు. అయినా రాస్తాను, లేకపోతే పిచ్చెక్కుతుంది.

పంటల తెగుళ్ళు పాకుతాయని, రాష్ట్ర సరిహద్దు దాటి అవతలికి కూరగాయలు, పళ్ళు, తేనె తీసుకెళ్ళనివ్వరు. పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకే దాటబోయే ముందు ఎక్కడ ఆగితే అక్కడే, వాన్లవాళ్ళంతా ఉన్నవన్నీ తెచ్చి ఒకే కుండలో వేసి వండుకుంటారు. ఇవాళ మధ్యాహ్నం కుండ మాదే. పెత్తనం మాత్రం వెల్మాది. ఆ వెల్మా, ఆమె మొగుడు రోయ్‌స్టన్, తెల్ల వాన్‌లో వచ్చారు. ఆవిడ ప్రతి వాన్ గుమ్మం ముందూ నిలబడి, చట్టమంటే చట్టం, ఒక్క ఉల్లిపాయ దాచినా ఊరుకునేది లేదు, తియ్యండి బయటికి అని గద్దించింది. అందరూ తలుపులు బార్లా తెరిచి బంగాళాదుంపలు మోశారు. కూర బాగుందని ఒప్పుకోవాలి.

మేజర్‌కి ఒంటికి తొడిగే హార్నెస్ వేసి, దాని తాడు మా మెట్టుకు కట్టాను. వాడు ఎండలో పడుకున్నాడు.

తిన్నాక ఒక్కో వాన్ వెళ్ళిపోయింది. కొన్ని పడమటికి, కొన్ని తూర్పుకి. మేం కుండ తోముకుని చివరగా మిగిలాం. హార్నెస్ తాడు మెట్టు కిందికి పోయి ఉంది. నీడకు దూరాడనుకుని లాగాను. హార్నెస్ వచ్చింది. పిల్లి రాలేదు. వెనక్కి వెనక్కి జరిగి, చొక్కా విప్పినట్టు విప్పుకుని పోయాడు.

ఈలోపు లోపల క్లెమ్, అలవాటుగా, బుట్టలో చెయ్యి పెట్టాడు. లేడే, అన్నాడు. అంత చిన్న గొంతు ఆయన దగ్గర నేనెప్పుడూ వినలేదు.

అదే రోజు, సాయంత్రం

పొదలన్నీ వెతికాను. పైన గద్ద తిరుగుతోంది. అటు కొండ అంచు, ఆ కింద సముద్రం. అటువైపు చూడలేక చూశాను. ఫోన్‌కి సిగ్నల్ లేదు. వాన్ రేడియోలో, దారిన పోయే ట్రక్కులవాళ్ళకి చెప్పాను. బూడిదరంగు పిల్లి, మెడకు నారింజ పట్టీ, గంట. ఎవడో పకపకా నవ్వాడు. ఈ రోడ్డు మీద కంగారూలకే దిక్కు లేదు, పిల్లినేం వెతుకుతావు మామ్మా అన్నాడు. ఇంకో గొంతు వాణ్ణి తిట్టింది. నోరు ముయ్యరా, మా ఇంట్లోనూ ఉందొకటి, అది కనబడకపోతే మా ఆవిడ నన్ను గడప తొక్కనివ్వదు అంది. ఆయన పేరు జారో. గుర్తులన్నీ మళ్ళీ చెప్పించుకుని, ఎదురొచ్చే ప్రతి బండికీ చెబుతానమ్మా, మీరు అక్కడే ఉండండి, వాడు తిరిగొస్తే మీరుండాలిగా అన్నాడు. మొహం కూడా చూడని మనిషి. ఆయన చల్లగా ఉండాలి.

నేను కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను. క్లెమ్ బయట కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు. లోపలికి రమ్మంటే రాడు. నా సరదా కోసం ఇంతదూరం తెచ్చాను వాణ్ణి అన్నాడు. వాడు దొరక్కపోతే ఆ ఇంట్లోకి ఎలా వెళ్ళను డోరీన్, నాకేం వినబడుతుందక్కడ అన్నాడు. నేనుంటాగా అనలేకపోయాను. దుప్పటి కప్పాను.

జులై 12, పొద్దున

రాలేదు.

జులై 12, మధ్యాహ్నం

వచ్చాడు! వచ్చాడు!

వరసగా రాయాలి. పొద్దున రేడియో గరగరలాడింది. పడమటి నుంచి వచ్చే ట్రక్కాయన. సరిహద్దు చెక్‌పోస్టులో ఒక పిల్లిని అరెస్టు చేశారటమ్మా, తేనె దొంగరవాణా చేస్తూ దొరికిపోయిందట, మీదేనా అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

కాసేపటికి తెల్ల వాన్ వెనక్కి వచ్చి ఆగింది. వెల్మా దిగింది. చేతుల్లో తువ్వాలు, తువ్వాల్లో మేజర్, ఒళ్ళంతా తేనె.

అందరి ఉల్లిపాయలూ కుండలో వేయించిన మహాతల్లి, తన పెరట్లో తేనెటీగల తేనె సీసా మాత్రం మేజోడులో చుట్టి మంచం కింది లాకర్లో దాచింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. అందరూ కూర తింటున్నప్పుడు మేజర్ ఆ తెరిచిన తలుపులోంచి దూరి, సందు చూసుకుని లాకర్లోకి చేరి, ఆ సీసా దొర్లించుకున్నాడు. వాళ్ళు రాత్రి దారిలో ఆగి, వాడి మీదే హాయిగా పడుకున్నారట. పొద్దున చెక్‌పోస్టులో ఇన్‌స్పెక్టరమ్మాయి లాకర్ తెరిచి లోపల చెయ్యి పెడితే, ఎవరో నాకారట. ఆ పిల్ల కేక చెక్‌పోస్టంతా వినబడిందని రోయ్‌స్టన్ పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పాడు. జారో కబురు అప్పటికే అక్కడికి చేరిపోయింది కాబట్టి ఎవరి పిల్లో వెంటనే తెలిసింది. తేనె పోయింది, పిల్లి మిగిలింది.

వెల్మా ఏడ్చేసింది. ఇంకెప్పుడూ దాచనమ్మా, మా అమ్మమీదొట్టు అంది. గట్టిగా కౌగిలించుకున్నాను. ఆవిడ తేనె దాచకపోతే ఆ అమ్మాయి లాకరంతా ఎందుకు వెతుకుతుంది? దొంగతనానికి దండం పెట్టడం నాకిదే మొదలు.

క్లెమ్ కుర్చీలోంచి లేచాడు. మేజర్‌ని బుట్టలో పెట్టించి, తలుపు మూయించి, మళ్ళీ తెరిపించి, చెయ్యి లోపల పెట్టాడు. ఉన్నాడు, అన్నాడు. ఆ వేళ్ళు అలాగే చాలాసేపు ఉన్నాయి, తేనెలో.

జులై 13

ట్యాంకులో మిగిలిన నీళ్ళన్నీ మేజర్ స్నానానికే. నా మోచేతుల దాకా గీతలు. మేం పళ్ళు తోముకోవడానికి ఒక గ్లాసు మిగిలింది. నాకే కష్టమూ అనిపించలేదు.

కొత్త హార్నెస్ కొనే దాకా వాడు బయట కాలు పెట్టడు. గంట మాత్రం లాకర్ తలుపు సందులో పడి నొక్కుకుపోయింది. మోగదు. క్లెమ్ దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు. ఊరు తగిలితే ఇంకోటి కొందామన్నాను. ఊఁ అన్నాడు.

జులై 14, ఆదివారం. యూక్లా, సరిహద్దు అవతల

ఇంకా గంట కొనలేదు. దీపం తీశాక చీకట్లో క్లెమ్, మేజర్ నీ కాళ్ళ దగ్గర ఉన్నాడు, ఎడమవైపు, అన్నాడు. లైటు వేసి చూశాను. అక్కడే ఉన్నాడు. ఎలా తెలిసిందయ్యా, గంట లేదుగా అన్నాను.

చీకట్లో నువ్వెక్కడున్నావో తెలియడానికి ఇన్నేళ్ళూ నీ మెడలో గంట కట్టానా ఏమిటి, అన్నాడు.

లైటు తీసేశాను.