అజాన్ తాతా, నేనూ, ఆ నెలవంకా

అమ్మా,

నీ పెద్దకొడుకు సలాములు. అందరం కులాసాగా ఉన్నామని రాయాలి కదా, రాస్తున్నాను. నీ కోడలు, పిల్లలు నిజంగానే కులాసా. నేను మాత్రం కాదు.

"సెలవు నిజమేనా, ఉత్త మాటలేనా?" అని అడిగావు. నిజమే. ఈ ఏడాది నుంచి రంజాన్ పండుగకు ప్రభుత్వమే సెలవిచ్చింది. బళ్లూ ఆఫీసులూ మిల్లులూ అన్నీ మూత. నాన్న పండుగ నమాజు కాగానే కొత్త చొక్కా విప్పి నీ చేతికిచ్చి మిల్లుకు పరుగెత్తడం గుర్తొచ్చి, ఆ కబురు విన్న రోజు దుకాణంలో మిషన్ ముందు కూర్చుని ఏడ్చాను. నీ కోడలి మెడనొప్పి తగ్గింది. చిన్నదానికి గౌను నేనే కుట్టాను, పొడుగైందని అలిగింది.

అయితే ఒక మెలిక ఉంది. సెలవు ఏ రోజో మసీదు చెప్పాలి. నెలవంకను ఇద్దరు చూశామంటే ఇమాంగారు సర్కారు ఆఫీసుకు ఫోన్ చేస్తారు, వాళ్లు మర్నాడు సెలవని ప్రకటిస్తారు. కనిపించకపోతే ఇంకో రోజు ఉపవాసం, ఆ మర్నాడు పండుగ. ఆ ఇద్దరం నేనూ, మసీదులో నమాజుకు పిలుస్తూ అజాన్ ఇచ్చే తాతా.

ఈ సాయంత్రం మసీదు మేడెక్కాం. పడమట పల్చగా మబ్బు. తాత నా మోచెయ్యి పట్టుకుని వేలు చూపించాడు. "అదిగో... కనిపించిందిగా?" కింద జనమంతా తలలెత్తి మమ్మల్నే చూస్తున్నారు. "ఆఁ, కనిపించింది" అన్నాను. అంతే, ఫోన్ వెళ్లిపోయింది. రేపే పండుగ అని ఊరంతా సందడి.

అమ్మా, నీ దగ్గర దాపరికమెందుకు? నాకేమీ కనిపించలేదు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తాను గానీ, దూరానివన్నీ కొన్నాళ్లుగా అలుక్కుపోతున్నాయి. తాత చూశాడు కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

ఇంతదాకా రాశానో లేదో, తాతే తలుపు తట్టాడు. మొహం పాలిపోయింది.

"ఒరేయ్ టైలరూ, నువ్వు చూశావు కదూ?"

"నువ్వేగా తాతా చూపించావు!"

"మబ్బు అంచేమోనని అనుమానమొచ్చి నిన్నడిగానురా. నీవి పడుచు కళ్లు కదా, ఔనన్నావని ఊరుకున్నాను."

"దొందూ దొందే" అంది నీ కోడలు లోపల్నుంచి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పకపోతే రేపు ఊరంతా మా మాట మీద ఉపవాసం మానేస్తుంది. చెబితే, మొదటి ఏడాదే రోజు తేల్చుకోలేనివాళ్లకు సెలవెందుకని తీసేస్తేనో? ఎంతమంది కాళ్లరిగేలా తిరిగితే వచ్చిందమ్మా అది!

"నోరు మూసుకుందామా?" అన్నాడు తాత నేల చూస్తూ. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనిపించింది. కానీ నీ కోడలు నా చెప్పులు తెచ్చి ముందు పడేసింది.

మసీదు దారిలో తాపీమేస్త్రి నన్ను వాటేసుకున్నాడు. "నీ నోట్లో చక్కెర పొయ్య, టైలరూ! పండుగపూట నేను ఇంట్లో ఉండటం ఇదే మొదలు." నేను విడిపించుకుని గబగబా నడిచాను.

ఇమాంగారు అంతా విని, తిట్టకుండా ఆఫీసుకు ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల ఆఫీసరు ఉండమని చెప్పి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు.

"సరే, రేపటిది రద్దు చేసి ఎల్లుండికి మారుస్తాం" అన్నాడు చివరికి. "వచ్చే ఏడాది మాత్రం మీరిద్దరూ మేడెక్కకండి."

వచ్చే ఏడాది అన్నాడమ్మా!

ఇట్లు,
రేపే కళ్లద్దాల షాపుకు వెళ్లబోతున్న
నీ పెద్దకొడుకు