బియ్యం బస్తాలో తూటా

2009 అక్టోబరు, ఆదివారం రాత్రి. నేపర్‌విల్, అమెరికా.

కుందేళ్ల వేటకని కొన్న పాయింట్ టూ టూ రైఫిల్‌కి మధ్యాహ్నం షూటింగ్ రేంజ్‌లో గురి సరిచేసుకున్నాను. యాభై గజాల దూరంలో అయిదు తూటాలూ రూపాయి బిళ్లంత చోటులో పడ్డాయి. ఆ పొగరుతోనే ఇంటికొచ్చి, వంటింటి టేబుల్ మీద, గురి చూసే స్కోప్ స్క్రూలు బిగించాను. తూటాలుండే మ్యాగజైన్ తీసేశాను కదా, ఖాళీయేననుకుని ట్రిగ్గర్ నొక్కాను.

గొట్టం వెనక ఛాంబర్‌లో తూటా ఒకటి మిగిలే ఉంది! రేంజ్ నుంచి దారంతా అది అలాగే కార్లో వచ్చింది!

ఇల్లు దద్దరిల్లింది. సరుకులు పెట్టుకునే పాంట్రీలోని సోనా మసూరి బస్తాకి చిన్న చిల్లు పడి, బియ్యం సన్నగా కారుతోంది.

సుజాత పరిగెత్తుకొచ్చింది. “చిన్ని ఏదండీ?”

పిల్ల మేడ మీద స్నానం చేస్తోంది.

సుజాత చాటలో బియ్యం పోసుకుని, రాళ్లేరినట్టు ఏరి, నలిగిన సీసం ముక్కని నా అరచేతిలో పెట్టింది.

“రైఫిల్ రేపే అమ్మేస్తాను” అన్నాను.

“ముందు ఆ బస్తా అక్కణ్ణించి తీసేయండి. నేను చూడలేను” అంది.

రోజూ పొద్దున బస్సు వచ్చేలోపు చిన్ని ఆ బస్తా మీదే కూర్చుని షూస్ వేసుకుంటుంది.