నాలుగో మనిషి

2014 మే, గురువారం రాత్రి, లీడ్స్

చిట్టీ, నీ సంవత్సరీకం అయిపోయింది కదా, డెల్ఫ్ట్ వెళ్దామంటున్నాడు నీ తమ్ముడు. హాలండ్‌లో పాతకాలం ఊరంట. వచ్చే వారం హల్ రేవులో ఓడెక్కితే పొద్దున్నకల్లా అవతల దిగుతామంట.

"రెండు రోజులే అమ్మా. కాలవ పక్కన కూర్చుని కాఫీ తాగడమే పని" అన్నాడు.

నేను రానన్నాను. ముగ్గురం కలిసి బయల్దేరకూడదన్నాను. నువ్వున్నప్పుడు నలుగురం, ఈ మాట మనింట్లో ఎప్పుడూ రాలేదు.

"మరి మీ ఊళ్లో ముగ్గురే ఉంటే ఏం చేస్తారమ్మా?" అన్నాడు.

"నాలుగో మనిషి కింద ఒక రాయిని వెంట తీసుకెళ్తారు."

"అయితే రాయికీ టికెట్ తీయనా?" అని నవ్వాడు.

మీ నాన్న నవ్వలేదు. లేచి నీ గదిలోకి వెళ్లారు. చిన్నప్పుడు విట్బీ సముద్రం దగ్గర నువ్వు ఏరుకొచ్చిన తెల్లరాయి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఏడాదిగా ఆయన ఆ తలుపు తీయలేదు. నీ పేరు ఎత్తలేదు. ఇప్పుడూ ఎత్తలేదు. తమ్ముడు తల దించుకుని, "మే రెండో వారానికి టికెట్లు తీసేస్తాను అమ్మా" అన్నాడు.

సరేనన్నాను. రాయిని నీ స్వెట్టర్‌లో చుట్టి బ్యాగులో పెట్టాను. ఓడలో ఏడుపొస్తే వీళ్లిద్దరి ముందు ఎలా ఆపుకోవాలో...

బయల్దేరే రోజు పులిహోర కలుపుతాను, నలుగురికీ సరిపడా. నీ వంతు నువ్వు కడుపునిండా తినమ్మా.