పౌడరును పట్టిన ఎక్స్‌రే

చిక్కడపల్లి, ఆదివారం

బాపూ, అమ్మా నేనూ బాగున్నాం, పరేషాన్ కావద్దు. పెద్దమ్మను తీసుకుపోయిన రోగం తనకూ ఉందేమోనని అమ్మ భయపడుతోందిగా, నిన్న నారాయణగూడలో రొమ్ముకు ఎక్స్‌రే తీయించాను. పట్నం దవాఖానా అని ఒళ్లంతా పౌడరు పూసుకొచ్చింది. ఫిల్ములో తెల్లటి చుక్కలే చుక్కలు! డాక్టరమ్మ పౌడరు తుడిపించి మళ్లీ తీసింది. చుక్కలన్నీ మాయం, ఒక్కటి తప్ప. ఆవగింజంత గడ్డ, చేతికి తగలనే తగలదు, దాన్ని చూసింది బాపూ ఆ మిషను!

"నా పౌడర్ను గూడ పట్టిందే, ఇగ రోగం యాడ దాక్కుంటది?" అంటోంది అమ్మ.

ముందే దొరికింది, తీసేస్తే నయమవుతుందన్నారు. ఆపరేషన్ శుక్రవారం. బర్రె ఈనిందా? దాన్ని మొగిలయ్య మామకు అప్పజెప్పి రా. చిన్నమ్మను కూడా తీసుకురా, తనకూ తీయిద్దాం. పౌడరు మాత్రం పూసుకోవద్దని చెప్పు.

నీ బిడ్డ,
నవనీత