తమ్ముణ్ణి పక్కింటికి పంపొద్దు

నాన్నా,

డ్యూటీకి వెళ్తున్నాను, మూడింటికల్లా వచ్చేస్తాను. తమ్ముడికి పాలు కాచి వంటింట్లో మూతపెట్టి ఉంచాను. వాడు లేవగానే పట్టండి. అమ్మను లేపకండి, ఇప్పుడే కాస్త కన్నంటుకుంది.

సాయంత్రం టాటీబంధ్ నుంచి పెళ్ళికొడుకు వాళ్ళు నన్ను చూడటానికి వస్తున్నారు కదా. ఇరవై నాలుగేళ్ళ పిల్లకు ఎనిమిది నెలల తమ్ముడంటే వాళ్ళేమనుకుంటారోనని, ఆ కాసేపూ వాణ్ణి శుక్లా ఆంటీ వాళ్ళింట్లో ఉంచుదామంటోంది అమ్మ. వద్దు. మీ ఒళ్ళోనే కూర్చోబెట్టుకోండి. మనవడా అని అడిగితే కొడుకని చెప్పండి. పోలియో చుక్కల దగ్గర నర్సు మిమ్మల్ని తాతనుకుని 'ఆయియే దాదాజీ' అంటే తలూపి ఊరుకున్నారు, ఈసారి అలా ఊరుకోకండి. అంతమాత్రానికే వాళ్ళు సంబంధం వద్దనుకుంటే అనుకోనివ్వండి. అమ్మకు ఎదురుచెప్పలేక మీరు బజారుకు జారుకుంటారని నాకు తెలుసు. అందుకే స్వీట్లు కూడా నేనే తెస్తాను.

జుట్టుకు మళ్ళీ రంగు వేయకండి. నిన్న ఆ నల్లమీసం చూసి ఎవరో కొత్తమనిషనుకుని వాడు ఏడుపు లంకించుకున్నాడు. నాకు కూడా మిమ్మల్ని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

గ్రేస్

ఇంకో మాట. నా చిన్నప్పుడు భన్‌పురి ఫ్యాక్టరీలో మీకు ఎప్పుడూ ఓవర్‌టైమే. నన్నెత్తుకుని మీరు పాడినట్టు గుర్తులేదు. ఇప్పుడు వాణ్ణి నిద్రపుచ్చుతూ మీరు పాడుతుంటే గోడకవతల నేనూ వింటున్నాను. కొంచెం గట్టిగా పాడండి.